గోడవతలి బొంగురాయన

పళ్ళక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు కానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. ఊళ్ళో పెద్దవయసు వాళ్ళలో సగంమంది నోరారా నవ్వగలుగుతున్నారంటే అది ఆవిడ చలవే. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తారు. వాటిలో ప్లాస్టర్ పోసి, దవడ తయారుచేసి, మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, గీకి, నునుపుచేసి, పళ్ళసెట్టుగా మార్చి తిరిగి పంపేది పళ్ళక్క. పేరు డాక్టరుకి, నవ్వు పేషెంటుకి, నడుంనొప్పి పళ్ళక్కకి. ఈ పంపకం మీద ఆవిడకి ఫిర్యాదేమీ లేదు. తనెవరో కూడా తెలియని మనిషి తన చేతిపనితో ఎక్కడో కూర్చుని హాయిగా భోంచేస్తున్నాడనుకుంటే చాలు, ఆవిడ కడుపు నిండిపోయేది.

ఆవిడ పనిగది ఒక పాత మేడ కింది అంతస్తులో వెనకవైపు ఉంటుంది. కిటికీ పక్కన బల్ల. బల్లమీద మైనం కరిగించుకునే స్పిరిట్ దీపం, పై దవడనీ కింది దవడనీ కలిపి ఆడించి చూసే ఇనప పరికరం, సన్నటి చాకులు. మూల పాలిష్ మోటారు. వెనక గోడ పొడుగునా ఒక చెక్క అర, దానిమీద బారులు తీరిన దవడలు. కొత్తగా వచ్చిన వాళ్ళు ఆ అరని చూసి తెలీకుండానే ఓ అడుగు వెనక్కి వేస్తారు. అన్ని నోళ్ళు ఒక్కసారిగా ఇకిలిస్తే ఎవరికైనా అంతే మరి.

ఆ గోడకి అవతల ఒక రేకుల షెడ్డు. దాని గుమ్మం అవతలి వీధిలోకి ఉంది కాబట్టి, గోడ ఒకటే అయినా ఇరుగుపొరుగు కాదు. ఆరేళ్ళ కిందట ఆ షెడ్డులో కొందరు కుర్రాళ్ళు చేరి రాక్ బ్యాండు పెట్టారు. ఏం పేరు పెట్టాలో తోచక “రేకుల షెడ్డు” అనే పెట్టుకున్నారు. మొదటిరోజు వాళ్ళు వాయించడం మొదలుపెట్టగానే ఇవతల అరమీద దవడలన్నీ చలిజ్వరం వచ్చినట్టు టకటకా కొట్టుకున్నాయి. పళ్ళక్క అప్పుడే నిలబెట్టిన ముందుపన్ను కాస్తా మైనంలో పక్కకి ఒరిగింది. ఆవిడకి ఒళ్ళు మండింది. అవతలి వీధికి వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టి వద్దామని లేచింది. గుమ్మందాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు కూడా పెట్టింది. పెట్టి, అక్కడే ఆగిపోయింది.

ఆ గోడ పాతకాలం నాటి మందపాటి గోడ. పాటగాడి గొంతు, పాటలోని మాటలు, గిటారు కీచులు, అన్నిటినీ అదే మింగేసేది. ఇవతలికి దాటి వచ్చేవి రెండే రెండు. ఒకటి డ్రమ్ముల దెబ్బ. రెండోది ఒక బొంగురు శబ్దం. డ్రమ్ముల సంగతి అందరికీ తెలిసిందే, కొడితే మోగుతాయి. ఈ బొంగురు శబ్దం మాత్రం నడిచేది. మెట్లు దిగుతున్న మనిషిలా ఒక్కో అడుగూ ఆచితూచి దిగేది, మధ్యలో ఆగేది, ఏదో మర్చిపోయినట్టు రెండు మెట్లు పైకెక్కి మళ్ళీ దిగేది. చెవిలోకి రావడం కంటే ముందు బల్లకి ఆనించిన మోచేతుల్లోంచి ఒంట్లోకి ఎక్కేది. పళ్ళక్క కాసేపు అలాగే నిలబడి విని, చెప్పులు విడిచి, వెనక్కి వచ్చి కూర్చుంది. మర్నాడు వడ్రంగిని పిలిచి, దవడలు కిందికి దూకకుండా అర అంచున ఒక చెక్కపట్టీ కొట్టించుకుంది. చీవాట్ల కార్యక్రమం అంతటితో రద్దయింది.

అది ఏ వాయిద్యమో ఆవిడకి తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. “బొంగురాయన” అని పేరు పెట్టుకుంది. సాయంత్రం గోడలోంచి మొదటి మూలుగు వినపడగానే “వచ్చారా? ఇవాళ ఆలస్యమైందే” అని పలకరించేది. దవడ పళ్ళు కుదరక విసుగొచ్చినప్పుడు, “కాస్త నెమ్మదిగా నడవండి స్వామీ, ఈ పన్ను నా మాట వినడం లేదు” అని బతిమాలేది. ఆయన విన్నాడో లేదో కానీ, పన్ను మాత్రం వినేది. మూడు నాలుగేళ్ళు గడిచేసరికి పళ్ళక్క ఆ బ్యాండంటే చెవి కోసుకునే స్థితికి వచ్చింది. పాటలన్నీ కంఠతా వచ్చేశాయి. పాట అంటే ఆవిడ లెక్కలో బొంగురాయన నడక. అంతే. ఆ నడక మీద పైన ఇంకెవరో ఏదో పాడుతున్నారన్న సంగతి ఆవిడకి తెలుసు కానీ, ఆ సంగతితో ఆవిడకి పనిలేదు.

ఆవిడ మొగుడు స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లల కేకలు విని విని, ఇంటికొచ్చాక గ్లాసు కింద పెట్టినా ఉలిక్కిపడే మనిషి. భార్య రాక్ బ్యాండు అభిమానినని చెప్పుకుంటుంటే ఆయనకి నవ్వాగేది కాదు.

“ఏదీ, వాళ్ళ పాట ఒకటి పాడు చూద్దాం,” అన్నాడొకసారి.

పళ్ళక్క కళ్ళు మూసుకుని, గెడ్డం గొంతుకి ఆనించి, భక్తిగా పాడింది. “దుం... దుదుం... దూం... దుం దుం.”

“ఇది పాటా? గేరు బాక్సు పాడైపోయే ముందు మా బస్సు సరిగ్గా ఇలాగే అంటుంది.”

“మీకేం తెలుసులెండి.”

“పోనీ ఒకసారి వెళ్ళి చూసిరా. ఎప్పుడూ గోడ పోస్టర్లు వేస్తూనే ఉంటారుగా.”

పళ్ళక్క మాట మార్చేసింది. నిజానికి పోస్టరు కనపడ్డప్పుడల్లా ఆగి పూర్తిగా చదివేది. కానీ వెళ్ళాలంటే కాళ్ళు రావు. నెరిసిన జుట్టేసుకుని ఆ కుర్రకారు మధ్య ఏం నిలబడుతుంది? పైగా గోడ ఉండగా తనకేం తక్కువ? అలా ఆరేళ్ళు గడిపేసింది. ఇంకో పదేళ్ళు కూడా అలాగే గడిపేసేదే, ఆ డ్రమ్ముల పిల్ల పళ్ళసెట్టు కోసం రాకపోయుంటే.

పగలు మందుల షాపులో పనిచేసే పిల్ల అది. వాళ్ళ నాయనమ్మ పళ్ళసెట్టు పట్టుకెళ్ళడానికి వచ్చింది. పళ్ళక్క డబ్బాలో దూదిపెట్టి సర్దుతుండగా అరమీద దవడలు కదిలాయి. గోడలోంచి బొంగురాయన.

“అయ్యో, ఆంటీ! సారీ అండీ,” అంది పిల్ల నాలుక కరుచుకుని. “అది మావాళ్ళే. నేను అందులో డ్రమ్స్ వాయిస్తాను. ఇక్కడికి ఇంత వినపడుతుందని మాకు తెలీదు. ఈ గది ఖాళీ అనుకున్నాం.”

పళ్ళక్క చేతిలో డబ్బా బల్లమీద పెట్టేసింది. “నువ్వా కొట్టేది! మరి ఇదెవరు? ఇప్పుడు వాయిస్తున్నది?”

“అది బేస్ గిటార్ అండీ. మా బండన్న. ఎప్పుడూ అందరికంటే ముందే వచ్చేస్తాడు.” పిల్ల మొహం కాస్త ముడుచుకుంది. “ఇంకెన్నాళ్ళో వినపడదులెండి. మానేస్తానంటున్నాడు. ఈ ఆదివారం స్కూలు హాల్లో షో ఉంది, అదే ఆఖరంట. మేం ఎంత చెప్పినా వినడం లేదు.”

“ఎందుకు మానెయ్యడం?”

“తను ఉన్నా లేకపోయినా ఒకటేనంట. షో అయ్యాక అందరూ సింగర్‌తో ఫొటోలు దిగుతారు, నన్ను కూడా బాగా కొట్టావంటారు. తన దగ్గరికి ఒక్కళ్ళూ రారు. వాళ్ళమ్మగారు కూడా, నువ్వు వాయించేది ఏదిరా, నాకు వినపడదే అన్నారంట. దాంతో మరీ మనసు విరిగిపోయింది. వేరే ఎవరినైనా చూసుకోండి, గిటారు అమ్మేస్తాను అంటున్నాడు.”

పిల్ల వెళ్ళిపోయాక పళ్ళక్క చాలాసేపు పని ముట్టుకోలేదు. గోడ అవతల ఆయన నడుస్తూనే ఉన్నాడు, పాపం, ఎవరూ వినడం లేదనుకుంటూ. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది, వెంటనే కోపమూ వచ్చింది. వినపడకపోవడమేమిటి? ఊరికి చెవుల్లేవా? ఆ మాటే ఆయన మొహం మీద చెప్పాలి. చెప్పకపోతే వచ్చే వారం నుంచి ఈ గోడ ఉత్త గోడైపోతుంది. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకుండానే మొగుడితో అంది, “ఆదివారం మనం వెళ్తున్నాం.”

“ఎక్కడికి?”

“బొంగురాయన దగ్గరికి. ఆయన్ని మానెయ్యొద్దని చెప్పాలి.”

ఆదివారం వచ్చేదాకా పళ్ళక్క ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి వల్లెవేసింది. మొదట నమస్కారం, తరవాత తానెవరో చెప్పడం, తరవాత ఫలానా పాటలో ఫలానా చోట మీరు అలా ఆగడం ఎంత బాగుంటుందో అనడం, చివరికి దయచేసి మానెయ్యకండి అనడం. ప్రసంగం అద్భుతంగా వచ్చింది. మొగుడు దూదిముక్కలు రెండు జేబులో వేసుకున్నాడు.

హాలు నిండా జనం. అద్దాల కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. పళ్ళక్కకి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. బ్యాండువాళ్ళు నలుగురూ స్టేజి ఎక్కగానే అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టింది, ఈల వెయ్యడం రానందుకు జీవితంలో మొదటిసారి బాధపడింది. స్టేజి ముందు అంచున, చేతులకి కడియాలు వేసుకుని, జుట్టు ఎగరేస్తూ గిటారు పట్టుకున్న పొడుగాటి కుర్రాడొకడు ఉన్నాడు. పళ్ళక్క రెండు చేతులూ జోడించేసింది.

“ఆయనేనా నీ బొంగురాయన?” అన్నాడు మొగుడు చెవిలో.

“ఆయనే! చూడండి ఎంత కళగా ఉన్నాడో. ఈయన్నా ఎవరూ పట్టించుకోనిది?”

మొదటి పాట మొదలైంది. పళ్ళక్కకి తెలిసిన పాటే. డ్రమ్ముల్ని బట్టి గుర్తుపట్టింది. కానీ పొడుగాటి కుర్రాడి వేళ్ళు చూస్తే ఏదో తేడా. ఆవిడ లెక్క ప్రకారం మెట్లు దిగాల్సిన చోట అతని వేళ్ళు పరుగెత్తుకుంటూ పైకి పోతున్నాయి. ఆగాల్సిన చోట ఆగడం లేదు. పన్నెక్కడ వంకర పోయిందో పట్టుకునే కళ్ళు కదా అవి, ఊరుకోలేదు. స్టేజి అంతా వెతికాయి. వెనకాల మూల, పెద్ద స్పీకరు పెట్టె పక్కన, సగం చీకట్లో ఒక లావుపాటి మనిషి తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పెద్ద శరీరం, చిన్న కదలిక. అతని వేళ్ళు దిగాయి, ఆగాయి, రెండు మెట్లు ఎక్కి మళ్ళీ దిగాయి.

“కాదండీ, ఆయన కాదు. అదిగో, ఆ మూల!” అని పళ్ళక్క అరిచింది.

మనిషి దొరికాడు. శబ్దం మాత్రం దొరకలేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది, ఊపిరి బిగబట్టింది, ఎంత ప్రయత్నించినా లాభం లేకపోయింది. పాటగాడి కేకలు, పొడుగాటివాడి గిటారు, పక్కనున్న కుర్రాళ్ళ ఈలలు, అన్నీ కలిసి ఆయన్ని ముంచేశాయి. వేళ్ళు ఆడుతున్నాయి, మోత లేదు. ఆరేళ్ళు విన్నాక, మొట్టమొదటిసారి ఎదురుగా నిలబడితే, ఆయనొక్కడే వినపడటం లేదు! వాళ్ళమ్మగారన్నది నిజమేనన్నమాట. మరి తనేం మొహం పెట్టుకుని చెబుతుంది?

రెండు పాటలు అలాగే పోయాయి. మూడోదానికి ఇక ఆగలేక, జనాన్ని తోసుకుంటూ పక్క తలుపులోంచి బయటపడింది. స్టేజి వెనక సన్నటి నడవా. విరిగిన కుర్చీలు, నేల తుడిచే బకెట్లు, ఒక పాత బ్లాక్‌బోర్డు. నడవాకి ఒకపక్క స్టేజి గోడ. పళ్ళక్క ముందు అరచెయ్యి ఆనించింది. ఆ తరవాత చెంప ఆనించింది.

ఉన్నాడు! బొంగురాయన అక్కడే ఉన్నాడు, మొత్తంగా ఉన్నాడు, ఒక్క అడుగు తగ్గకుండా. కేకల్ని గోడ పట్టేసుకుంది, ఈలల్ని పట్టేసుకుంది, ఆయన్ని మాత్రం వదిలింది. పళ్ళక్కకి ప్రాణం లేచొచ్చింది. బకెట్ల మధ్య నిలబడి, గోడని కావలించుకున్నంత పనిచేసి, నవ్వుకుంటూ వింది. ప్రపంచంలో ఎక్కడైనా, ఇంత ముచ్చటపడి వచ్చి, షోని చీపుళ్ళ పక్కన నిలబడి వినే అభిమాని ఉంటుందా అంటే, ఉంది.

కాసేపటికి మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. “టిక్కెట్టు కొనుక్కొచ్చి గోడ వింటున్నావా? ఇంటి దగ్గర గోడలు లేవూ?”

“మాట్లాడకుండా చెవి పెట్టండి.”

ఆయన విసుక్కుంటూ దూది తీసి చెవి పెట్టాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. కళ్ళు చిన్నవి చేసుకుని విన్నాడు.

“ఇదా?”

“ఇదే.”

“ఇది ఇంజనే! పైన పిల్లలు ఎంత గోలచేస్తే ఏంటి, బండి నడిచేది దీనిమీదే కదా!” అన్నాడు ఆశ్చర్యంగా. తరవాత రెండో చెవిలో దూది కూడా తీసేశాడు. భార్యాభర్తలిద్దరూ ఎదురెదురుగా గోడకి చెంపలు ఆనించి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ పాట చివరిదాకా విన్నారు.

తరవాతి పాట పాటగాడూ పొడుగాటివాడూ ఇద్దరే పాడేది. స్టేజి వెనక తలుపు తెరుచుకుని, నీళ్ళ సీసా పట్టుకుని ఒకాయన నడవాలోకి వచ్చాడు. గోడకి అంటుకుపోయిన పెద్దవాళ్ళిద్దర్ని చూసి కంగారుపడ్డాడు.

“ఏమైందండీ? కళ్ళు తిరుగుతున్నాయా?”

“ఉండు బాబూ,” అంది పళ్ళక్క కళ్ళు తెరవకుండా. “ఆయన ఆగిపోయాడు. మళ్ళీ మొదలెడతాడేమోనని చూస్తున్నా.”

“ఎవరండీ?”

“బొంగురాయన.”

మొగుడు మోచేత్తో పొడిచాడు. పళ్ళక్క కళ్ళు తెరిచింది. ఎదురుగా ఆ లావుపాటి మనిషి. అద్దం ముందు వల్లెవేసిన ప్రసంగమంతా ఎక్కడికి పోయిందో పోయింది. నమస్కారం కూడా గుర్తురాలేదు. ఇంకేం తోచక, గెడ్డం గొంతుకి ఆనించి, “దుం... దుదుం... దూం,” అని మూడో పాట అందుకుంది.

ఆయన సీసా మూత తీయబోతూ ఆగిపోయాడు. ఆవిడ మధ్యలో ఆగాల్సిన చోట ఆగి, రెండు మెట్లు ఎక్కి, మళ్ళీ దిగింది.

“ఇది... ఇది నాది,” అన్నాడు ఆయన నెమ్మదిగా. “మీరెవరండీ?”

“మీ షెడ్డుకి ఇవతల పళ్ళు కట్టేదాన్ని బాబూ. ఆరేళ్ళుగా వింటున్నా. మీరు మానేస్తున్నారంట కదా? ఎవరికీ వినపడననుకుంటున్నారంట. ఆ డ్రమ్ముల మోత తప్ప నాకు మిగతావాళ్ళెవరూ వినపడరు. ఆ గోడలోంచి నడిచొచ్చేది మీరొక్కరే. మీ బ్యాండులో పాడేవాడు ఒకడున్నాడని నేనింతవరకూ పట్టించుకోనేలేదు.”

ఆయన నవ్వబోయాడు కానీ నవ్వు సరిగ్గా రాలేదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. “ఏ పాట ఇష్టమండీ మీకు?” అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.

“పాటలన్నీ బాగుంటాయి. కానీ గురువారాలు వాళ్ళెవరూ రాకముందు మీరొక్కరే వాయించుకుంటారు చూడండి, అది. అది మొదలైతే నేను చేతిలో పని పక్కన పెట్టేస్తాను.”

“అది పాట కాదండీ. ఊరికే. ఇంకా పూర్తి కూడా చెయ్యలేదు. వాళ్ళకెవరికీ తెలీదు.”

“నాకు పూర్తయినట్టే ఉంది.”

లోపలినుంచి ఎవరో పిలిచారు. ఆయన మానేస్తాననీ అనలేదు, మానననీ అనలేదు. తల వంచి దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పళ్ళక్క మొగుడి వైపు చూసింది. ఆయనకి మాత్రం ఏం తెలుసు?

హాల్లోకి తిరిగి వచ్చి, ఈసారి ఆ మూలకి దగ్గరగా, స్పీకరు పెట్టె ఎదురుగా నిలబడ్డారు. ఆఖరి పాట అయిపోయింది. జనం అరిచారు, గెంతారు, కొందరు తలుపుల వైపు కదిలారు. పొడుగాటివాడు గిటారు దించేశాడు. అప్పుడు ఆ లావుపాటి మనిషి వంగి, తన పెట్టెమీద మీట ఒకటి బాగా తిప్పి, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా మొదలుపెట్టాడు.

పాటగాడు తిరిగి చూశాడు. డ్రమ్ముల పిల్ల పుల్లలు ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచింది. వాళ్ళకది కొత్త. హాలంతటికీ కొత్త. వెళ్ళబోతున్న వాళ్ళు తలుపు దగ్గర ఆగారు. కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి, నేల అదిరింది, చెప్పుల్లోంచి మోకాళ్ళ దాకా ఎక్కింది. ఒక్కడే నడుస్తున్నాడు, ఎవరూ తొక్కెయ్యడం లేదు, ఒక్కో అడుగూ అందరికీ వినపడుతోంది. ఈలలు వేసిన కుర్రాళ్ళు ఇప్పుడు నోరు మెదపడం లేదు. పళ్ళక్కకి ప్రతి అడుగూ ముందే తెలుసు, అయినా ప్రతి అడుగుకీ ఒళ్ళు పులకరించింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు, రెండింటితోనూ మొగుడి చెయ్యి పట్టుకునుంది.

ఆయన ఆపాడు. హాలు కూలిపోతుందేమోనన్నంతగా చప్పట్లు. పాటగాడు వచ్చి ఆయన్ని ముందుకి తోసి, చేతిలో మైకు పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గొంతు సవరించుకున్నాడు. మైకులో మాట్లాడటం ఇదే మొదటిసారని చూస్తేనే తెలుస్తోంది.

“గోడవతల వాళ్ళకి,” అన్నాడు. “గురువారం మామూలే.”

జనానికి ఏమీ అర్థం కాలేదు, అయినా మళ్ళీ చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఒకమ్మాయి స్నేహితురాలి వైపు తిరిగి, “ఎవరితో అంటున్నాడే?” అని అడిగింది.

“నాతోనమ్మా,” అంది పళ్ళక్క.